చువ్వకు గుచ్చిన చీటీ

ప్రేమదాసు పెదనాన్న ఈ లోకంలో ఒక్క దానికే భయపడేవాడు. తన తల్లికి వచ్చిన మతిమరుపు తనకూ వస్తుందేమోనని. ఆమె చివరి రెండేళ్లు కన్నకొడుకునే పట్టుకుని, "మా దాసు ఇంకా బడి నుంచి రాలేదు, ఎక్కడన్నా కనపడ్డాడా బాబూ?" అని అడిగేదట. ఈ సంగతి ఆయన నాకు చాలాసార్లు చెప్పాడు. అందుకే నేను చేసిన పని ఎలాంటిదో నాకు తెలియదని చెప్పుకోవడానికి లేదు. తెలిసే చేశాను.

ఆయన నాకు సొంత పెదనాన్న కాదు. మా పల్లెలో మాకు మూడిళ్ల అవతల వాళ్లిల్లు. మా అమ్మా నాన్నా మిరప కోతలకు వెళ్లేవాళ్లు. మా ఇంట్లో పదో తరగతి దాటింది నేనే మొదలు. ఇంటర్ దరఖాస్తు నింపింది, డిగ్రీలో కంప్యూటర్స్ తీసుకోమన్నది, చదువయ్యాక ప్రత్తిపాడు రోడ్డులో తను పనిచేసే కోల్డ్ స్టోరేజీలో నన్ను పెట్టించింది ఆయనే. "ఆరాధన మా అమ్మాయి లాంటిదండీ, చెప్పిన పని చేస్తుంది" అని యజమానికి చెప్పాడు. ఆ మాట నిజమైంది.

ఆయన అక్కడ ఇరవై ఆరేళ్ల కిందట మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, మోసే హమాలీగా చేరాడు. చదువు ఇంటర్ దగ్గర ఆగింది. రిజిస్టరు రాయడం నేర్చుకున్నాడు, కంప్యూటరు వచ్చాక అదీ నేర్చుకున్నాడు. రైతు టిక్కీలు దించగానే హమాలీల మేస్త్రి ఇషాక్ ఒక చీటీ పంపుతాడు. రైతు పేరు, ఊరు, ఎన్ని టిక్కీలు, ఏ చాంబరు, ఏ అంతస్తు, ఏ వరస. పెదనాన్న దాన్ని కంప్యూటర్లో ఎక్కించి, ఆ తర్వాతే చీటీని టేబుల్ మీదున్న ఇనుప చువ్వకు గుచ్చేవాడు. ఎక్కించకుండా గుచ్చడం ఆయన చేతికి తెలియదు. చువ్వ మీద ఉన్న చీటీ అంటే పని అయిపోయిందని అర్థం.

ఒక వానాకాలం ఆఫీసు పైకప్పు కారి రిజిస్టర్లు ముద్దయిపోతే, రెండో చాంబరు లాట్లన్నీ, ఏ రైతు టిక్కీలు ఎక్కడ ఎన్ని ఉన్నాయో, ఆయన కళ్లు మూసుకుని చెప్పాడట. ఒక్క రైతు కూడా తన టిక్కీలు కావని అనలేదు. అప్పుడు యజమాని చెంచురామయ్య గారు రైతులందరి ముందూ, "ప్రేమదాసు తనంతట తాను లేచేదాకా ఆ కుర్చీ ప్రేమదాసుదే" అన్నారు. ఇప్పటికీ ఆయన రోజూ వచ్చి ఆఫీసు వరండాలో పడక్కుర్చీలో కూర్చుంటారు. పెత్తనం మాత్రం కొడుకు లక్ష్మీకాంత్ గారిది.

లక్ష్మీకాంత్ గారికి పెదనాన్నతో ఒకటే తగువు. ఎక్స్‌పోర్టు వ్యాపారులకు మూడో చాంబరులో మంచి చోటు కావాలి. అక్కడున్న చిన్న రైతుల లాట్లను ఐదో చాంబరుకు, చల్లదనం సరిగా అందని మూలకు మార్చాలి. మార్చడానికి రైతు ఒప్పుకున్నట్టు కంప్యూటర్లో రాయాలి.

"రైతు ఎదురుగా లేకుండా లాట్ కదపను చినబాబు గారూ" అనేవాడు పెదనాన్న.

"నువ్వు కదిపేదేంటి ప్రేమదాసూ, కదిపేది హమాలీలు. నువ్వు టైపు కొట్టు చాలు."

"అదే కొట్టనంటున్నా."

వరండాలో తండ్రి వింటుంటాడు కాబట్టి లక్ష్మీకాంత్ గారు నవ్వి ఊరుకునేవారు.

ఫిబ్రవరిలో పాత సర్వర్ టకటకమని చప్పుడు చేయడం మొదలుపెట్టింది. అది పెదనాన్న టేబుల్ కిందే ఉండేది. మూత విప్పితే లోపల పేరుకున్న మిరప దుమ్ముకు ఇద్దరం పది నిమిషాలు తుమ్మాం. పన్నెండేళ్ల మిషన్. ఏ రోజైనా ఆగిపోవచ్చు. ఆగితే ఏడు వందల మంది రైతుల లాట్లు గల్లంతవుతాయి. దాన్ని వర్చువల్ మిషన్‌గా మారుద్దామని నేనే చెప్పాను. అంటే సర్వర్ మొత్తాన్ని, లోపలి ప్రోగ్రాములతో సహా, ఒక పెద్ద ఫైలుగా నకలు తీసి, కొత్త మిషన్‌లో ఆ ఫైలునే మళ్లీ ఒక సర్వర్‌లా నడిపించడం.

నకలు తీయడానికి తొమ్మిది గంటలు పట్టింది. మొదటిసారి లేవలేదు, నీలం తెర వచ్చి ఆగిపోయింది. రెండోసారీ అంతే. కొత్త డిస్కును గుర్తుపట్టే డ్రైవర్ అందులో లేదని తెలుసుకుని అది పెట్టాక మూడోసారి లేచింది. అంతసేపూ పెదనాన్న నా పక్కనే కూర్చున్నాడు. తన క్యారియర్‌లోది సగం నాకు పెట్టాడు. తెర మీద కొత్తపట్నం బీచ్‌లో మా చర్చి వాళ్లు దిగిన ఫోటో కనపడగానే చప్పట్లు కొట్టాడు. అది పాత సర్వర్ మీద ఆయన పెట్టుకున్న ఫోటో.

"ఓసినీ! నా బొమ్మతో సహా వచ్చిందే! మనిషిని కూడా ఇట్టా దింపగలవా?"

"మనుషుల్ని కాదులే పెదనాన్నా."

రెండు నకళ్లు తయారుచేశాను. ఒకటి అసలు పనికి. రెండోది పరీక్షలకు, అంటే ఏదన్నా మార్పు చేసేముందు దాని మీద చేసి చూసుకోవడానికి. రెండింటికీ పేరు ఒకటే, లోపలున్నది ఒకటే. అందుకని రెండోదాన్ని బయటి వైర్లన్నింటి నుంచీ తప్పించి ఒంటరిగా ఉంచాలి. దాంట్లో ఏం చేసినా అసలుకు తెలియదు. ఇదంతా నేను లక్ష్మీకాంత్ గారికి సంబరంగా వివరించాను. ఆయన బత్తాయి ఒలుచుకుంటూ విన్నారు.

"పరీక్ష మిషన్ పాడైతే?"

"ముందే స్నాప్‌షాట్ తీసి పెట్టుకుంటాం సార్. ఒక్క క్లిక్కుతో ఆ టైముకు వెనక్కి తిప్పేయొచ్చు."

"మధ్యలో చేసిన పని?"

"పోతుంది సార్. చేసిన ఆనవాలు కూడా ఉండదు."

"దాని ముందు కూర్చున్నోడికి తెలుస్తుందా?"

"ఎవరికి సార్?"

ఆయన ఒక తొన నోట్లో వేసుకున్నారు. "ప్రేమదాసుకి."

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక, "సార్, ఆయన నాకు పెదనాన్న లాంటోడు" అన్నాను.

"నిన్ను ఆయన్ని తిట్టమన్నానా? తీసెయ్యమన్నానా? బటన్ నొక్కమన్నా. ఆయనంతట ఆయన లేస్తే మా నాన్న మాట కూడా నిలబడుద్ది." సొరుగు తెరిచి ఒక కాగితం పైకి తీసి చూపించి మళ్లీ లోపల పెట్టారు. నన్ను పర్మనెంటు చేసే కాగితం. "నువ్వు చెప్పిన పని చేస్తావని ఆయనే చెప్పాడు కదా."

మర్నాడు పాత సర్వర్ స్టోరు గదిలోకి పోయింది. అసలు మిషన్, ప్రింటరు లోపలి గదిలో, నా దగ్గర. పెదనాన్న టేబుల్ కింద కొత్త డబ్బా, దాంట్లో పరీక్ష మిషన్. అదే అసలుదని, లోపలిది ప్రింట్లకేనని ఆయనకు చెప్పాం. ఇషాక్ మేస్త్రిని కార్బన్ పెట్టి చీటీ రెండు ప్రతులు రాయమన్నారు. ఒకటి పెదనాన్నకి, ఒకటి "బాండ్ల ప్రింటు కోసం", అంటే రైతుకిచ్చే రసీదుల కోసం, నాకు. పెదనాన్న బయట ఎక్కించిందే నేను లోపల ఎక్కించేదాన్ని. నాది నిలిచేది.

రోజూ వద్దు, వారానికి మూడు రోజులు చాలన్నారు లక్ష్మీకాంత్ గారు. మధ్యాహ్నం పెదనాన్న భోజనానికి లేవగానే స్నాప్‌షాట్ తీసేదాన్ని. సాయంత్రం ఆయన సైకిలు గేటు దాటాక మధ్యాహ్నానికి తిప్పేదాన్ని. ఇరవై సెకన్లు పట్టేది. తేదీ, టైము తేడా రాకుండా చూసుకున్నాను. ఏ రోజు తిప్పానో ఒక పుస్తకంలో రాసి పెట్టుకున్నాను. కాలేజీలో అలాగే నేర్పారు, చేసిన ప్రతి మార్పూ రాసిపెట్టుకోవాలని.

మొదటిసారి తిప్పిన మర్నాడు ఉదయం పెదనాన్న చువ్వ మీది చీటీలు పీకి ఒక్కొక్కటీ తెరతో పోల్చుకున్నాడు. ఏడు చీటీలు తెర మీద లేవు.

"అమ్మాయ్, నిన్న కరెంటు గానీ పోయిందా?"

"లేదు పెదనాన్నా."

"సేవ్ కొట్టలేదేమోలే" అని ఏడూ మళ్లీ ఎక్కించాడు.

రెండోసారి నన్ను అడగలేదు. మూడోసారి నుంచి ఎక్కించేటప్పుడు పైకి చదవడం మొదలుపెట్టాడు. "ముప్ఫై టిక్కీలు... మూడో చాంబరు... సేవ్. కొట్టాను. సేవ్ కొట్టాను." హమాలీలు గుమ్మం దగ్గర నిలబడి చూసి నవ్వుకునేవాళ్లు. ఒకరోజు ఇషాక్ మేస్త్రిని పిలిచి పక్కన నిలబెట్టుకున్నాడు.

"ఒరే ఇషాక్, ఇదిగో, ఎక్కించాను. చూశావుగా?"

"చూసి నాకేం తెలుస్తది పెద్దాయనా? నాకు ఇంగ్లీషు ముక్క వస్తే నీ కుర్చీలో నేనే కూర్చునేవోణ్ణి."

"తెర మీద కనపడుతుంది కదరా!"

"కనపడుతుంది. బీచ్ కూడా కనపడుతుంది. పోయి స్నానం చేసొద్దామా?"

మర్నాడు ఆ లాట్ కూడా తెర మీద లేదు. పెదనాన్న ఇషాక్‌ను పిలిపించాడు. ఇషాక్ తల గోక్కుని, "నిన్న నాకు టీ ఇప్పించావు. అదన్నా గుర్తుందా, లేకపోతే ఇంకోసారి ఇప్పించు" అన్నాడు. అందరూ నవ్వారు. పెదనాన్న నవ్వబోయి, ఆగి, జేబులోంచి చిన్న నోటుపుస్తకం తీసి ఏదో రాసుకున్నాడు. ఆ రోజు నుంచి ప్రతి లాటూ ఎక్కించగానే ఆ పుస్తకంలో కూడా రాసేవాడు.

అక్కడ నాకు భయం వేసింది. చీటీ ఉంది, పుస్తకం ఉంది, రెండూ ఒకే మాట చెబుతున్నాయి. తెర ఒక్కటే వేరే మాట చెబుతోంది. ఎవరైనా తెరనే అనుమానిస్తారు. పట్టుబడతానని నాలుగు రోజులు అన్నం సయించలేదు.

ఆయన తెరను అనుమానించలేదు. కంప్యూటరు వచ్చిన కొత్తలో రైతులు దాన్ని నమ్మేవాళ్లు కాదు. నా టిక్కీలు ఎక్కువుండాలి, నా వరస అది కాదు అని గొడవపడేవాళ్లు. అందరికీ పెదనాన్న ఒకటే చెప్పేవాడు: "కంప్యూటరు అబద్ధం చెప్పదమ్మా. మనిషే మర్చిపోతాడు." పన్నెండేళ్లు ఊరూరి రైతులకూ చెప్పిన మాట అది. ఇప్పుడు ఆ మాటే తనకు చెప్పుకున్నాడు. పుస్తకంలో రాసుకోవడం గుర్తుండి, అసలు ఎక్కించడం మర్చిపోతున్నానని తేల్చుకున్నాడు.

మార్చి చివర్లో సుబ్బరావమ్మ గారని ఒక రైతు ఉదయాన్నే వచ్చింది. ముందురోజు మధ్యాహ్నం నలభై రెండు టిక్కీలు పెట్టి వెళ్లింది. చూసి పోదామని వచ్చింది. పెదనాన్న తెర మీద వెతికాడు. లేదు.

"మూడో చాంబరమ్మా. రెండో అంతస్తు, ఎడమ వరస. నలభై రెండు" అన్నాడు తెర చూడకుండానే.

"మరి దాంట్లో లేదంటున్నావుగా? నా సరుకు ఏం చేశారయ్యా?" ఆమె గొంతు వరండాదాకా వినపడింది.

లక్ష్మీకాంత్ గారు లోపలి నుంచి వచ్చారు. నేను ప్రింటు తీసిన కాగితం ఆమె చేతిలో పెట్టి, "మీ సరుకు భద్రంగా ఉందమ్మా, లోపల ఆ అమ్మాయి చూసుకుంటోంది" అన్నారు. తర్వాత పెదనాన్న భుజం మీద చెయ్యి వేశారు. "ఏం పర్లేదు ప్రేమదాసు గారూ. వయసు. ఎవరికైనా వస్తుంది."

ఇరవై ఆరేళ్లలో ఆ ఇంటివాళ్లు ఆయన్ని గారూ అని పిలవడం అదే మొదలు. వరండాలో చెంచురామయ్య గారు పడక్కుర్చీలో కొంచెం పక్కకు తిరిగి పడుకున్నారు.

పెదనాన్న ఆ రోజు క్యారియర్ విప్పలేదు. నా గది గుమ్మం దగ్గరికి వచ్చి, "నేను వదిలేసినవి నువ్వు సర్దుతున్నావన్నమాట ఇన్నాళ్లూ. నాకు చెప్పకుండా" అన్నాడు. ఆయన కళ్లల్లో నీళ్లున్నాయి. నా మీద కోపంతో కాదు, కృతజ్ఞతతో.

ఆ సాయంత్రం కూడా తిప్పాను. అది పద్నాలుగోది.

ఈస్టర్ తర్వాతి ఆదివారం చర్చిలో ఎవరి అనుభవాలు వాళ్లు చెప్పుకునే సాక్ష్యాల సమయంలో పెదనాన్న లేచి నిలబడ్డాడు. మైకు తీసుకున్నాడు.

"మా అమ్మ సంగతి మీ అందరికీ తెలుసు. అది నాకూ వచ్చింది. దాచుకోను. ఎక్కించాననుకున్నది ఎక్కించడం లేదు. నా వల్ల ఒక్క రైతు కూడా నష్టపోలేదంటే, దేవుడు ముందే ఈ ఆరాధనను నా దగ్గరికి పంపాడు. ఈ బిడ్డ కోసం ప్రార్థించండి. నా కోసం తర్వాత."

పాస్టరు గారు ఆయన తల మీద ఒక చెయ్యి, నా తల మీద ఒక చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. నేను ఆమేన్ అన్నాను. ఆయన భార్య వీరమ్మ పెద్దమ్మ ప్రార్థన అయ్యేదాకా నా చెయ్యి పట్టుకునే ఉంది.

సోమవారం ఆయన కుర్చీలోంచి తనంతట తానే లేచాడు. చెంచురామయ్య గారు శాలువా కప్పారు. నా పుస్తకంలో వెనక్కి తిప్పిన రోజుల లెక్క పంతొమ్మిది వరసల దగ్గర ఆగింది. మంగళవారం నేను ఆ కుర్చీలో కూర్చున్నాను. పర్మనెంటు కాగితం వచ్చింది. దాంతోపాటు ఇంకో కాగితం కూడా. మూడో చాంబరులోని పదకొండు లాట్లు, ఐదో చాంబరు మూలకు. రైతు అంగీకారం అనే గడిలో అవును అని పదకొండుసార్లు కొట్టాను. మార్చినవారు అనే చోట నా పేరు దానంతటదే పడింది.

నెల తర్వాత మా అమ్మ చెప్పింది, పెదనాన్నను గుంటూరులో డాక్టరుకు చూపించారని, మాత్రలు వాడుతున్నారని, అవి వేసుకుంటే మధ్యాహ్నం దాకా మత్తుగా పడుంటున్నాడని. వీరమ్మ పెద్దమ్మ ఆయన్ని ఒంటరిగా రోడ్డు మీదికి వెళ్లనివ్వడం లేదట. సైకిలుకు తాళం వేసిందట. ఆ మాట విన్నాక ఉండలేకపోయాను. మర్నాడు శనివారం మధ్యాహ్నం ల్యాప్‌టాప్ పట్టుకుని వెళ్లాను. అందులో పరీక్ష మిషన్ ఉంది, ముందురోజు తీసిన అసలు మిషన్ బ్యాకప్ కూడా ఉంది. నా పుస్తకం కూడా తీసుకెళ్లాను.

ఆయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. గడ్డం మాసి ఉంది. నన్ను చూసి లేవబోయాడు.

అంతా చెప్పాను. లక్ష్మీకాంత్ గారు అన్నది, నేను చేసింది, ఎన్నిసార్లు. తెర మీద ఒక లాట్ ఎక్కించి, వెనక్కి తిప్పి, పోగొట్టి చూపించాను. ఆయన ముందుకు వంగి శ్రద్ధగా చూశాడు. తర్వాత నా తల నిమిరాడు.

"ఎంత కష్టపడి తయారుచేశావమ్మా ఇది, నా కోసం."

"కాదు పెదనాన్నా. నిజం."

"నువ్వట్టాంటి పని చేసే పిల్లవి కాదు. నాకు తెలీదా? నేను కుమిలిపోతున్నానని మీ అమ్మ చెప్పుంటది. నీ మీద వేసుకుంటున్నావు." నేను ఏడుస్తుంటే, "సరే, ఏడవబాక. ఒక పని చేద్దాం" అన్నాడు. దిండు కింద నుంచి తన నోటుపుస్తకం తీసి నా ఒళ్లో పెట్టాడు. "ఇందులో ఇక్కణ్ణించి వరసగా నలభై లాట్లు తీసుకుందాం. నువ్వు చెప్పింది నిజమైతే నా బుర్ర బాగున్నట్టేగా? అయితే అన్నీ కరెక్టుగా చెప్పాలి. పేర్లు నువ్వు చదువు. మిగతాది నేను చెప్తా. కానీ పుస్తకంతో పోల్చబాక, అది నేను రాసిందే. కంప్యూటర్తో పోల్చు. ఒక్క తప్పు కూడా రాకపోతే నీ మాట నమ్ముతా. ఇప్పుడే చొక్కా తొడుక్కుని చెంచురామయ్య గారి దగ్గరికి పోతా."

కళ్లు మూసుకున్నాడు. నేను పేరు చదివాను. ఆయన ఊరు, టిక్కీలు, చాంబరు, అంతస్తు, వరస చెప్పాడు. నేను బ్యాకప్‌లో చూశాను. సరిగ్గా ఉంది. రెండోది సరిగ్గా ఉంది. మాత్రల మత్తుకు మాట ముద్దగా వస్తోంది గానీ ఎక్కడా తడుముకోలేదు. పది, పదిహేను, ఇరవై. వీరమ్మ పెద్దమ్మ చేట పక్కన పెట్టి గుమ్మంలో వచ్చి నిలబడింది.

ఇరవై మూడో పేరు సుబ్బరావమ్మ.

"నలభై రెండు. మూడో చాంబరు, రెండో అంతస్తు, ఎడమ వరస" అన్నాడు.

బ్యాకప్‌లో ఐదో చాంబరు, మూల వరస అని ఉంది. కింద నా పేరు ఉంది. నేను మార్చిన పదకొండులో అది ఒకటి. ముప్ఫై ఒకటో పేరు దగ్గర ఇంకొకటి వచ్చింది. అదీ ఐదో చాంబరే. అదీ నా పేరే.

నలభై అయ్యాయి. ఆయన కళ్లు తెరవలేదు. నేను ఒక్క మాట చెబితే చాలు. ఆ రెండూ నేను మార్చినవి పెదనాన్నా అని. ఆయన చొక్కా తొడుక్కుంటాడు, చెంచురామయ్య గారి ముందు నిలబడతాడు, ఆయన మిషన్ తెరిపిస్తారు. పదకొండుచోట్ల నా పేరు ఉంటుంది. లక్ష్మీకాంత్ గారి పేరు ఎక్కడా ఉండదు. మా నాన్న ఆ వారమే ఊళ్లో అందరికీ చెప్పుకున్నాడు, మా పిల్లది పర్మనెంటయిందని.

"కంప్యూటరు ఏమంటోందమ్మా?" అన్నాడు.

"రెండు తప్పులు పెదనాన్నా."

ఆయన తలాడించాడు. "చూశావా. చెప్పానా" అన్నాడు మెల్లగా. గొంతులో నన్ను ఓదారుస్తున్నట్టుంది.

"రెండేనా!" అంది వీరమ్మ పెద్దమ్మ. "దేవుడికి స్తోత్రం. డాక్టరు జ్ఞాపకం ఇంకా చాలా పోతదన్నాడు." నీళ్ల గ్లాసు, మాత్ర తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. ఆయన చిన్నపిల్లాడిలా నోరు తెరిచి వేసుకున్నాడు.

ల్యాప్‌టాప్ మూసి లేచాను. నోటుపుస్తకం తిరిగి ఇవ్వబోతే ఆయన తీసుకోలేదు. "నీ దగ్గరే ఉంచు. ఎక్కించకుండా వదిలేసినవి ఇంకేమన్నా ఉంటే ఎక్కించు" అన్నాడు.

"ఎక్కిస్తాను" అన్నాను.